దోస్త్‌లో మేనకోడలికి ప్రైవేటు కళాశాలలో సీటు వచ్చింది: ఉంచుకోవాలా, కోఠి కోసం ప్రయత్నించాలా?

డీటీపీ మామయ్య | శనివారం, రాత్రి 9:50

సభ్యులకు నమస్కారం. నేను చిక్కడపల్లిలో డీటీపీ పని చేసుకుంటూ మౌలాలిలో కాపురం ఉంటున్నాను. మా అక్క కూతురు కల్వకుర్తి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో బైపీసీ చదివి ఈ యేడు 1000కి 931 మార్కులు తెచ్చుకుంది. పదో తరగతి వరకు వాళ్ల ఊళ్లోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే చదివింది. మా బావగారికి మూడెకరాల మెట్ట పొలం, ఇంటి ముందుగదిలో ఒక కిరాణా కొట్టు ఉన్నాయి. వాళ్లు బీసీ-డి కిందికి వస్తారు. అమ్మాయి మా ఇంట్లో ఉండి హైదరాబాద్‌లోనే డిగ్రీ చదవాలని అందరం అనుకున్నాం.

దోస్త్ (డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్ ప్రవేశాల విధానం) మొదటి విడత గడువు చివరి రాత్రి కూర్చుని హడావుడిగా ఆరు వెబ్ ఆప్షన్లు పెట్టాం. మొదటిది కోఠి మహిళా విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ ఉన్న బీఎస్సీ, రెండోది బేగంపేట ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల, మూడోది దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉన్న ఒక ప్రైవేటు కళాశాల. మూడోదే వచ్చింది. ఫలితం వచ్చిన మర్నాడు పొద్దున, నేనింకా పళ్లు తోముకుంటుండగానే, ఆ కళాశాల నుంచి ఇద్దరు ఇంటికి వచ్చారు. మా చిరునామా వాళ్లకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒక్క రూపాయి కట్టనక్కర్లేదని, ఫీజంతా ప్రభుత్వమిచ్చే రీయింబర్స్‌మెంట్‌లో వస్తుందని, ఒరిజినల్ మెమోలు ఇచ్చి ఫోనుకు వచ్చే ఓటీపీ చెబితే మిగతాది తామే చూసుకుంటామని అన్నారు. మా ఆవిడ టీ ఇచ్చి పంపించింది. ఓటీపీ మాత్రం చెప్పలేదు.

దోస్త్ వెబ్‌సైటులో ఆ కోర్సుకు ఏడాదికి 32 వేలు చూపిస్తోంది. ఈ సీటు ఉంచుకుంటే కోఠి అవకాశం పోతుందా? నిజంగానే రూపాయి కట్టనక్కర్లేదా? కట్టాల్సి వస్తే ఇలాంటి అమ్మాయికి వేరే ఆసరా ఏముంది? తెలిసినవారు చెప్పగలరు.

తార్నాక మాస్టారు | శనివారం, రాత్రి 10:35

ఓటీపీ చెప్పకపోవడం చాలా మంచిపని చేశారు. 2016లో దోస్త్ మొదలుపెట్టిందే, విద్యార్థి తన ఇష్టప్రకారం తానే ఆప్షన్లు పెట్టుకోవాలని, కళాశాలల చుట్టూ తిరిగే పని తప్పాలని. ఆ ఓటీపీ ఇంకొకరి చేతికి వెళ్తే, మీ ఇంటి తాళంచెవి వాళ్లకు ఇచ్చినట్టే.

ఇక సీటు విషయం. ఇప్పుడు మీరు చేయవలసింది ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్. సీటు రిజర్వేషన్ రుసుము ఏదైనా చూపిస్తే అది చెల్లించి, ఆ సీటును మీ పేరున నిలుపుకోవాలి. గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. చేసినంత మాత్రాన ఆ కళాశాలకు కట్టుబడిపోయినట్టు కాదు, రెండో విడతలో మళ్లీ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. పెట్టినవాటిలో ఏదీ రాకపోతే పాత సీటు మీకే ఉంటుంది. ఏదైనా ఒకటి వస్తే పాత సీటు దానంతట అదే రద్దయిపోతుంది, తిరిగి కావాలన్నా రాదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఉన్న సీటు భద్రంగా ఉందన్న ధీమాతో రెండో విడతలో పది, పదిహేను ఆప్షన్లు పెడతారు, వాటిలో ఇప్పుడున్న దానికంటే నాసిరకం కళాశాల వస్తే ఉన్నదీ పోతుంది. కాబట్టి ఇప్పుడున్న సీటు కంటే ఖచ్చితంగా మేలనిపించేవి మాత్రమే పెట్టండి, రెండే అయినా ఫరవాలేదు. అన్ని విడతలూ ముగిశాక కళాశాలకు స్వయంగా వెళ్లి రిపోర్ట్ చేసినప్పుడు ఇవ్వవలసిన ధ్రువీకరణ ఓటీపీ వేరే ఉంటుంది. దాన్ని ఆ రోజు వరకు ఎవరికీ చెప్పవద్దు.

మీసేవ మల్లాపూర్ | ఆదివారం, ఉదయం 8:05

మాస్టారు గారు సీటు సంగతి చెప్పారు, నేను కాగితాల సంగతి అడుగుతాను. ఆదాయ ధ్రువపత్రం ఉందా? ఉంటే ఎప్పుడు జారీ అయింది, అందులో ఎంత రాసి ఉంది, ఏ మండలం తహసీల్దారు ఇచ్చారు? ఈ మూడూ తెలియకుండా ఫీజు గురించి ఎవరు ఏం చెప్పినా గాలిమాటే. ఇంకొకటి, పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం అక్షరం ఒకటేనా?

డీటీపీ మామయ్య | ఆదివారం, ఉదయం 11:20

మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంది. ఇంతకాలం అది పెద్ద విషయమని ఎవరూ అనుకోలేదు.

ఆదాయ పత్రం ఫిబ్రవరిలో కల్వకుర్తిలో తీసుకున్నది. బావగారు కొట్టు కోసం బ్యాంకు అప్పుకు వెళ్లినప్పుడు తీసుకున్నారు. అందులో ఏడాదికి 1,80,000 అని ఉంది.

మీసేవ మల్లాపూర్ | ఆదివారం, ఉదయం 11:52

అనుమానించినంతా అయింది.

బీసీ, ఈబీసీ, మైనారిటీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే తల్లిదండ్రుల వార్షికాదాయం గ్రామీణ ప్రాంతంలో 1,50,000, పట్టణ ప్రాంతంలో 2,00,000 దాటకూడదు. అమ్మాయి మౌలాలిలో మీ ఇంట్లో ఉన్నా, చూసేది మీ ఆదాయమూ కాదు, మీ చిరునామా కూడా కాదు, తల్లిదండ్రుల ఆదాయమే. వాళ్లది పల్లె, పత్రంలో ఉన్నది 1,80,000. అంటే ఈ పత్రంతో దరఖాస్తు చేస్తే అర్హత లేనట్టే. దానికి తోడు ఫిబ్రవరి పత్రం ఎలాగూ పనికిరాదు, దోస్త్‌కు ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినదే కావాలి.

ఇంటికి వచ్చిన ఆ ఇద్దరూ ఆదాయ పత్రం చూపించమని అడిగారా? అడగలేదంటే, ఫీజు మొత్తం వస్తుందన్న మాట వాళ్లు దేన్ని చూసి అన్నట్టు?

డీటీపీ మామయ్య | ఆదివారం, మధ్యాహ్నం 12:10

అడగలేదండీ.

చలో సికింద్రాబాద్ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

దీనికింత కంగారు ఎందుకు? మావాడికి నిరుడు నేనే చేయించాను. కార్యాలయం బయట ఉండే మనిషికి ఒక మాట చెబితే 90,000కు కొత్త పత్రం వచ్చేస్తుంది. రాష్ట్రంలో సగం మంది చేసేది అదే, మీరొక్కరే సత్యహరిశ్చంద్రులు కానక్కర్లేదు.

తార్నాక మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

అయ్యా, మీ అబ్బాయికి జరిగిపోయింది కాబట్టి తేలికగా అంటున్నారు. ఇక్కడ పరిస్థితి వేరు. నాలుగు నెలల కిందట అదే తహసీల్దారు కార్యాలయం 1,80,000 అని ఇచ్చిన కాగితం బ్యాంకు ఫైలులో ఉంది. ఇప్పుడు సగానికి సగం తగ్గిన కాగితం ఇంకొకటి పుడితే, ఎవరైనా పక్కపక్కన పెట్టిన రోజున సమాధానం చెప్పుకోవలసింది ఆ అమ్మాయి, మధ్యలో నిలబడ్డ ఆ మనిషి కాదు. దరఖాస్తు మీద వివరాలు నిజమని సంతకం పెట్టేది కూడా ఆ పిల్లే.

మీసేవ మల్లాపూర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:00

మాస్టారు గారి మాటే నా మాట. అయితే ఒక న్యాయమైన సంగతి ఉంది. చిన్న కొట్టున్నవాళ్లు బ్యాంకు అప్పుకు వెళ్లేటప్పుడు అమ్మకాలనే ఆదాయంగా చెప్పుకోవడం నేను రోజూ చూస్తుంటాను. రోజుకు వెయ్యి రూపాయల సరుకు అమ్మితే అది ఆదాయం కాదు, సరుకు కొన్న ఖరీదు పోగా మిగిలిందే ఆదాయం. మీ బావగారు ఫిబ్రవరిలో ఏం లెక్క చెప్పారో ముందు కనుక్కోండి. అప్పుడు అమ్మకాలు చెప్పి ఉంటే, ఇప్పుడు కొట్టు ఖాతా పుస్తకం, పొలం పాసుపుస్తకం పట్టుకుని వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పి కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చు. గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ చేస్తారు. 1,40,000 అని తేలితే అర్హత ఉంటుంది, 1,60,000 అని తేలితే ఉండదు. ఏది తేలినా అది నిలబడే కాగితం.

పేరు విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మెమోలో ఉన్నట్టే ఆధార్‌లో మార్పించండి, మెమో మార్పించడం చాలా పెద్ద పని. ఈ-పాస్‌లో పెట్టే రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు ఆధార్ దగ్గర ఆగితే ముందుకు కదలదు, పైగా మా దగ్గరికి వచ్చి వేలిముద్ర వేయవలసింది కూడా ఆ ఆధార్ మీదే.

బోడుప్పల్ అమ్మ | ఆదివారం, రాత్రి 8:40

నేను రెండేళ్ల కిందట పడ్డ బాధ చెబుతాను, కళాశాల పేరు చెప్పను. మా పెద్దమ్మాయిని ఇలాగే ఇంటికి వచ్చి చేర్చుకున్నారు. ఫీజు లేదన్నారు, అడ్మిషన్ ఖర్చులని 8,000 తీసుకున్నారు, పదో తరగతి, ఇంటర్ మెమోలు పరిశీలనకని తీసుకుని ఇనుప బీరువాలో పెట్టేశారు. మూడు వారాలకు అమ్మాయికి వేరేచోట సీటు వచ్చింది. మెమోలు అడిగితే, మూడేళ్ల ఫీజు కడితే ఇస్తామన్నారు. గుమస్తా ఆ మాట అంటూనే, మా అమ్మాయి ఫోటో అంటించిన కవరును మాకు కనిపించేలా ఎత్తి పట్టుకుని మళ్లీ లోపల పెట్టాడు. ఆ కవరు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది.

తర్వాత ఎవరో చెబితే తెలిసింది, యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018లోనే దీనిపై ప్రకటన ఇచ్చిందని. ఒరిజినల్ పత్రాలు చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర ఉంచుకోకూడదు. ఫీజు వాపసుకూ లెక్క ఉంది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే మానుకుంటే పూర్తి ఫీజు, 15 రోజుల్లోపు అయితే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లోగా 80 శాతం, 15 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం తిరిగి ఇవ్వాలి. 30 రోజులు దాటితే ఏమీ రాదు. నేను ఆ ప్రకటన ప్రతి తీసుకుని, యూజీసీ ఈ-సమాధాన్‌లో ఫిర్యాదు చేస్తానని కాగితం మీద రాసి ఇచ్చాక మెమోలు ఇచ్చారు. డబ్బులో కొంత వచ్చింది, కొంత రాలేదు.

తమ్ముడూ, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు. చూపించు, నకలు మీద సంతకం పెట్టి ఇయ్యి, ఒరిజినల్ వెంటనే సంచిలో పెట్టుకో.

కోఠి సీనియర్ | ఆదివారం, రాత్రి 9:25

నేను కోఠిలోనే బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను, కాబట్టి లోపలి సంగతి రాస్తాను. 1924లో మొదలైన మహిళా కళాశాల ఇది. 2022లో విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ పేరు మీద ఉంది. పాత రెసిడెన్సీ భవనం, దర్బారు హాలు చూసి మురిసిపోయి చేరేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లలో నేనూ ఒకదాన్ని. అయితే ఆప్షన్లు పెట్టేటప్పుడు భవనాన్ని కాకుండా కోర్సు పక్కన ఉన్న ఫీజు గడిని చూడాలి. ఒకే ప్రాంగణంలో రెగ్యులర్ కోర్సులుంటాయి, విద్యార్థుల ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులూ ఉంటాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కదా, అన్నీ చవకే అనుకుని మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ లాంటివి ముందు పెట్టేసి తర్వాత కంగారుపడ్డవాళ్లు మా తరగతిలోనే ఉన్నారు. మామయ్య గారూ, దోస్త్‌లో అదే కోఠి కింద బీజెడ్‌సీకి (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఎంత చూపిస్తోందో, మైక్రోబయాలజీకి ఎంత చూపిస్తోందో పక్కపక్కన రాసుకోండి.

రీయింబర్స్‌మెంట్ గురించి నా అనుభవం. ఫీజు డబ్బు కళాశాల ఖాతాకు వెళ్తుంది, మెయింటెనెన్స్ డబ్బు మన ఖాతాకు వస్తుంది, రెండూ అనుకున్న నెలలో రావు. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పూర్తి చేసి, ప్రింటు తీసి కళాశాలలో ఇవ్వడం మరిచిపోయిన స్నేహితురాలికి ఒక ఏడాది మొత్తం పోయింది. ఆన్‌లైన్‌లో సమర్పించగానే పని అయిపోయిందని ఆ అమ్మాయి అనుకుంది.

కందనూలు కుర్రాడు | సోమవారం, ఉదయం 7:15

మాది నాగర్‌కర్నూల్, ఒక మాట అడగాలనిపించింది. హైదరాబాద్‌లో చదివితేనే చదువా? కల్వకుర్తిలోనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. కాస్త పెద్ద ఊరు కావాలంటే మహబూబ్‌నగర్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది. రెండూ 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోవే. డిగ్రీ తర్వాత పీజీ చేయాలన్నా అందరూ రాయవలసింది ఒకే ప్రవేశ పరీక్ష, సీపీగెట్, కోఠిలో చదివినవాళ్లకు వేరే ప్రశ్నపత్రం ఇవ్వరు. అమ్మాయి పొద్దున ఇంట్లో తిని కళాశాలకు వెళ్లి సాయంత్రం ఇంటికి వస్తే, రీయింబర్స్‌మెంట్ వచ్చినా రాకున్నా ఆ కుటుంబం మీద భారం పడదు. నేనలాగే చదివాను.

డీటీపీ మామయ్య | సోమవారం, ఉదయం 9:30

మీ మాట తీసిపారేసేది కాదు. బావగారు కూడా మొదట అదే అన్నారు. అయితే ఇక్కడ ఉండటానికి, తిండికి మా ఇల్లుంది, ఆ ఖర్చు గురించి అక్కకు ఒక్క పైసా లెక్క చెప్పను. బస్సుకూ ఖర్చు లేదు, 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్టే కదా. అమ్మాయికి నగరంలో చదవాలని గట్టిగా ఉంది. రెండో విడతలో చివరి ఆప్షన్‌గా మహబూబ్‌నగర్ పెట్టవచ్చా అని ఆలోచిస్తున్నాను.

తార్నాక మాస్టారు | సోమవారం, ఉదయం 10:10

పెట్టవచ్చు, ప్రైవేటు సీటు కంటే అదే మేలని మీకు నిజంగా అనిపిస్తేనే. ఎందుకంటే అది వస్తే దిల్‌సుఖ్‌నగర్ సీటు పోతుంది. నన్నడిగితే, ఆదాయ పత్రం తేలనంత వరకు ఆ ప్రైవేటు సీటును ఏడాదికి 32 వేలు ఖరీదున్న సీటుగానే లెక్కపెట్టాలి, ఉచిత సీటుగా కాదు. అలా చూస్తే మూడేళ్లకు 96 వేలు. ఆ ఒక్క లెక్కతో మీ ఆప్షన్ల వరుస మారిపోతుంది.

ఇంకొక చేదు నిజం కూడా చెప్పాలి. అర్హత ఉన్నా డబ్బు సకాలంలో రావడం లేదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ పథకం మొదలైన నాటినుంచి లక్షలమంది దీనివల్ల చదువుకున్నారు, నా విద్యార్థుల్లోనే కూలీల పిల్లలు లెక్చరర్లయ్యారు, అది కాదనలేను. కానీ బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించిన సంగతి మీకు తెలిసిందే. బకాయి ప్రభుత్వానిది, ఒత్తిడి పిల్లవాడి మీద. ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం అంటారు, పరీక్షల ముందు అంటారు. ఫీజు తక్కువ ఉన్న ప్రభుత్వ ప్రాంగణంలో ఈ పోరు అంతగా ఉండదు, ఎందుకంటే ఆగిపోయే మొత్తమే చిన్నది.

మౌలాలి మూర్తి | సోమవారం, ఉదయం 10:40

మా అబ్బాయి ఇంజనీరింగ్. అతనికి 35,000 వరకే ఇస్తారని చెప్పారు. ఈ అమ్మాయికి కూడా అంతే కదా, 32,000 కాబట్టి మొత్తం వచ్చేస్తుంది.

తార్నాక మాస్టారు | సోమవారం, ఉదయం 11:05

ఆ 35,000 లెక్క వృత్తివిద్యా కోర్సులది, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చినవారికి పూర్తి ఫీజు ఇచ్చే నిబంధనతో కూడినది. బీఎస్సీకి అది వర్తించదు. ఆ కోర్సుకు ప్రభుత్వం ఆమోదించిన బోధనా రుసుము ఎంతో అంతవరకే ఇస్తారు, అంతకుమించి కళాశాల వసూలు చేసేదంతా మన జేబులోంచే పోతుంది. చేరే ముందే ఆ రెండు అంకెలనూ కళాశాల చేత కాగితం మీద రాయించుకోవాలి. ఇంకొకటి, మేనేజ్‌మెంట్ కోటాలోగాని స్పాట్ అడ్మిషన్‌లోగాని చేరితే రీయింబర్స్‌మెంటే ఉండదు. విడతలన్నీ అయ్యాక నేరుగా చేరుదామనుకునేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నారాయణగూడ లైబ్రరీ | సోమవారం, సాయంత్రం 6:20

చర్చ అంతా రీయింబర్స్‌మెంట్ చుట్టూ తిరుగుతోంది. ఈ అమ్మాయికి సరిగ్గా సరిపోయేవి ఇంకో రెండు ఉన్నాయి, వాటి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మొదటిది కేంద్ర ప్రభుత్వం కళాశాల విద్యార్థులకిచ్చే సెంట్రల్ సెక్టార్ ఉపకార వేతనం. ఏటా దేశం మొత్తం మీద 82,000 మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకు. ఇంటర్‌లో తమ బోర్డు విద్యార్థుల్లో 80 పర్సంటైల్ పైన ఉండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4,50,000 లోపు ఉండాలి. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000, తర్వాత పీజీలో చేరితే ఏడాదికి 20,000 నేరుగా విద్యార్థి ఖాతాలో పడతాయి. అర్హుల జాబితాను ఇంటర్ బోర్డు విడుదల చేస్తుంది. 931 మార్కులకు ఆ జాబితాలో పేరు ఉంటుందనే నా ఆశ. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి, కళాశాలలోని నోడల్ అధికారి ఆమోదించాలి, ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరుతో రెన్యువల్ చేసుకోవాలి. 1,80,000 పత్రం రీయింబర్స్‌మెంట్‌కు అడ్డమైంది గాని దీనికి అడ్డం కాదు. అయితే ఒక మెలిక ఉంది. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో సహా వేరే ఏ ఉపకార వేతనం తీసుకుంటున్నా దీనికి అర్హత ఉండదు. ఏదో ఒకటే ఎంచుకోవాలి.

ఇక్కడే కళాశాల ఎంపిక, డబ్బు ఎంపిక ముడిపడతాయి. ఫీజు 32 వేలున్న చోట రీయింబర్స్‌మెంట్ లేకుండా 12 వేలు ఏ మూలకూ రావు. ఫీజు తక్కువున్న ప్రభుత్వ కోర్సులో అయితే ఫీజు పోనూ పుస్తకాలకు, రికార్డులకు, ప్రయోగశాల కోటుకు కూడా మిగులుతుంది.

రెండోది అజీం ప్రేమ్‌జీ ఉపకార వేతనం. పది, ఇంటర్ రెండూ ప్రభుత్వ సంస్థల్లో రెగ్యులర్‌గా చదివి, డిగ్రీ లేదా డిప్లొమా మొదటి సంవత్సరంలో చేరిన అమ్మాయిలకు ఏడాదికి 30,000 ఇస్తారు. 2025-26లో తెలంగాణ కూడా ఆ జాబితాలో ఉంది, అప్పుడు సెప్టెంబరులో దరఖాస్తులు తీసుకున్నారు. జిల్లా పరిషత్ పాఠశాల, ప్రభుత్వ జూనియర్ కళాశాల అని మామయ్య గారు మొదటి పోస్టులోనే రాశారు. చాలామంది తల్లిదండ్రులు ఇంటర్‌కు కార్పొరేట్ కళాశాలకు పంపి ఈ అర్హత పోగొట్టుకుంటారు, ఈ అమ్మాయికి అది చేతిలోనే ఉంది. పాఠశాల నుంచి, జూనియర్ కళాశాల నుంచి స్టడీ, బోనఫైడ్ పత్రాలు ఇప్పుడే తెచ్చుకుంటే, మళ్లీ సెప్టెంబరులో కల్వకుర్తి బస్సు ఎక్కనక్కర్లేదు. దీన్నీ సెంట్రల్ సెక్టార్‌నూ ఒకేసారి తీసుకుందామనుకోవద్దు, పైన చెప్పిన మెలిక దీనికీ వర్తిస్తుంది.

బోడుప్పల్ అమ్మ | సోమవారం, రాత్రి 7:05

విద్యాలక్ష్మి అప్పు మాటేమిటి? మా చిన్నదానికి అడుగుతున్నాను.

నారాయణగూడ లైబ్రరీ | సోమవారం, రాత్రి 7:30

అమ్మా, పీఎం విద్యాలక్ష్మి 2024 నవంబరులో ఆమోదం పొందింది. ఎంపిక చేసిన అగ్రశ్రేణి సంస్థల్లో సీటు వస్తే తాకట్టు, హామీదారు లేకుండా అప్పు ఇస్తారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ చిన్నమ్మాయికి సీటు వచ్చిన సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. మామయ్య గారి అమ్మాయి విషయంలో మాత్రం మామూలు బీఎస్సీకి అప్పు చేయవలసిన అవసరమే లేదని నా అభిప్రాయం.

నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 8:00

పత్రాలు తక్కువ ఆదాయానికి చేయించి పెడతామంటూ ఈ చర్చలో ఫోను నంబరుతో ఒక పోస్టు వచ్చింది, దాన్ని తొలగించాం. చర్చ కొనసాగించవచ్చు.

డీటీపీ మామయ్య | బుధవారం, రాత్రి 10:15

అందరికీ ఏం జరిగిందో చెప్పాలి.

బావగారికి ఫోను చేసి ఫిబ్రవరి లెక్క అడిగాను. మీసేవ గారు ఊహించినట్టే, బ్యాంకువాళ్లు ఎక్కువ ఉంటే మంచిదన్నారని కొట్టు అమ్మకాలే చెప్పారట. ఖాతా పుస్తకం పట్టుకుని మంగళవారం కొత్త దరఖాస్తు పెట్టారు. విచారణ ఇంకా కాలేదు. ఎంతకు తేలుతుందో తెలియదు గాని, రెండో విడత ఆప్షన్ల గడువు ఆలోగానే అయిపోతుంది. కాబట్టి రీయింబర్స్‌మెంట్ రాదనుకునే ఆప్షన్లు పెట్టాలని నిర్ణయించుకున్నాం. వస్తే మంచిదే.

నిన్న రాత్రి అన్నం తిన్నాక అమ్మాయీ నేనూ కోఠి సీనియర్ గారు చెప్పినట్టు నోటుపుస్తకంలో గీతలు గీసి, ఒకవైపు కోర్సు, ఒకవైపు ఫీజు రాసుకున్నాం. కోఠిలో మైక్రోబయాలజీ పక్కన ఉన్న అంకె చూసి అమ్మాయి తనంతట తానే దాన్ని కొట్టేసింది. పాపం, ఆ కోర్సు మీద మొదటినుంచీ మోజు. నేనేమీ అనలేదు. కాసేపాగి, పీజీలో చేసుకుంటాలే మామయ్యా అంది. కోఠి బీజెడ్‌సీ మొదటిది, బేగంపేట రెండోది, మహబూబ్‌నగర్ ఎన్టీఆర్ కళాశాల మూడోది పెట్టాం. అంతకుమించి ఒక్కటి కూడా పెట్టలేదు. రెండో విడత రిజిస్ట్రేషన్‌కు 400 అంటున్నారు, మేము మొదటి విడతలోనే 200 కట్టి నమోదయ్యాం కాబట్టి మళ్లీ కట్టమని అడగలేదు. ప్రైవేటు సీటుకు సెల్ఫ్ రిపోర్టింగ్ కూడా చేసి ఉంచాం.

ఆ ఇద్దరూ ఈరోజు మళ్లీ వచ్చారు. ఫీజు ఉచితమని మీ కళాశాల కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇస్తారా అని అడిగాను. ప్రిన్సిపాల్ గారిని అడిగి చెబుతామని వెళ్లారు.

కోఠి సీనియర్ | బుధవారం, రాత్రి 10:40

చెల్లెలికి బీజెడ్‌సీ వస్తే ఇక్కడ చెప్పండి. మొదటి సంవత్సరం రికార్డు పుస్తకాలు మా దగ్గర ఉన్నాయి, కొనక్కర్లేదు. ఒకవేళ రాకపోతే మూడో విడత కూడా ఉంది, తొందరపడి ఎక్కడా ధ్రువీకరణ ఓటీపీ ఇవ్వకండి.

చలో సికింద్రాబాద్ | గురువారం, ఉదయం 8:20

నేను మొన్న రాసింది కొంచెం తొందరపాటే. మావాడి రెన్యువల్ ఈ యేడు ఆదాయ పత్రం దగ్గరే ఆగింది. మీసేవ గారూ, వీలైతే ఒకసారి మీ దగ్గరికి వస్తాను.

మీసేవ మల్లాపూర్ | గురువారం, ఉదయం 8:45

రండి. పాత పత్రం, కొత్త పత్రం రెండూ తెండి. ఖాతా పుస్తకమో, జీతం చీటీయో, ఏదో ఒక ఆధారం కూడా ఉండాలి.

డీటీపీ మామయ్య | ఆ తర్వాతి మంగళవారం, మధ్యాహ్నం 12:55

కోఠిలో బీజెడ్‌సీ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ సీటు దానంతట అదే రద్దయినట్టు దోస్త్‌లో చూపిస్తోంది. వెంటనే సెల్ఫ్ రిపోర్టింగ్ చేశాం. గిర్దావర్ విచారణకు నిన్న కొట్టు దగ్గరికి వచ్చారట, పత్రం ఇంకా చేతికి రాలేదు. ఆధార్‌లో పేరు మార్పుకు మొన్న ఇచ్చాం, ఆ రసీదును, జిల్లా పరిషత్ పాఠశాల బోనఫైడ్‌ను, ఇంటర్ మెమో నకళ్లు ఐదింటిని అమ్మాయి ఒక ప్లాస్టిక్ ఫైలులో పెట్టుకుంది. ఒరిజినల్స్ మాత్రం మా ఆవిడ బీరువాలో ఉన్నాయి, బోడుప్పల్ అక్కగారి పోస్టు చదివిన రోజునుంచి తాళం తన కొంగుకే ఉంటోంది.

కోఠి సీనియర్ గారూ, రికార్డు పుస్తకాల కోసం అమ్మాయి ఆదివారం రావచ్చా?